ముప్పై రోజాలూ పట్టిన పిల్ల

మా తిండి మీద మాట్లాడనివాడు ఈ దేశంలో లేడు. మేం ఏ మాంసం తింటామో, ఎంత మసాలా వేస్తామో, పండక్కి ఎన్ని రకాలు వండుతామో అందరికీ తెలుసు. రంజాన్ నెలలో హలీమ్ బట్టీల దగ్గర బారులు తీరే మిత్రులున్నారు. మా కూర వాసన పడదని ఇల్లు అద్దెకివ్వని ఇంటివాళ్లూ ఉన్నారు. ప్రేమించేవాడికైనా, అసహ్యించుకునేవాడికైనా మేమంటే ముందు గుర్తొచ్చేది తిండే.

మరి మా ఇంట్లో ఒక పిల్ల తిండి మానేస్తే? ఆ సంగతి ఎవరు మాట్లాడతారు?

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. అప్పటినుంచి తెలుగు ముస్లింలు తమ గురించి తాము రాసుకుంటూనే ఉన్నారు. అనుమానపు చూపుల గురించి రాశారు. గల్ఫుకి పోయిన కొడుకుల గురించి రాశారు. పేదరికం గురించి, జహేజ్ గురించి, తలాఖ్ గురించి రాశారు. ఆకలి గురించి కూడా రాశారు. అన్నం ఎదురుగా ఉండీ తినలేని పిల్ల గురించి ఇప్పుడు రాయాలి. ఎందుకంటే ఆ పిల్ల మా ఇళ్లలో ఉంది. చల్లపల్లిలో ఉంది, మచిలీపట్నంలో ఉంది, విజయవాడలో ఉంది. మేం ఆమెను భక్తురాలు అంటున్నాం. లేదా గాలి సోకిందంటున్నాం. జబ్బు అని మాత్రం అనడం లేదు.

అది జబ్బే. ఇంగ్లీషులో ఈటింగ్ డిజార్డర్ అంటారు. తెలుగులో దీనికి జనం నోట ఆడే పేరింకా పుట్టలేదు. ఉర్దూలో భూక్ ఉంది, ఫాఖా ఉంది, రోజా ఉంది. ఈ జబ్బుకి మా నానీలు, దాదీలు వాడిన మాటంటూ లేదు. మాట లేకపోతే జబ్బు లేనట్టు కాదు కదా!

ఇది ప్రధానంగా మూడు రూపాల్లో కనిపిస్తుంది. ఒకటి, మనిషి తిండి తగ్గించుకుంటూ తగ్గించుకుంటూ ఎండిపోవడం. దీనికి 1873లో లండన్ వైద్యుడు విలియం గల్ అనొరెక్సియా నెర్వోజా అని పేరు పెట్టాడు. రెండు, పట్టలేనంత తినేసి, ఆ వెంటనే తిన్నదాన్ని ఎలాగైనా వదిలించుకోవాలని కొట్టుకులాడటం. ఇది బులీమియా. లండన్‌లోనే జెరాల్డ్ రస్సెల్ అనే వైద్యుడు 1979లో దీన్ని విడిగా గుర్తించాడు. మూడు, అదుపు లేకుండా తినడం, తిన్నందుకు సిగ్గుతో కుమిలిపోవడం. దీన్ని 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన జబ్బుల పట్టికలో విడి జబ్బుగా చేర్చింది. మానసిక జబ్బులన్నిటిలోనూ ప్రాణాలు ఎక్కువ తీసేవాటిలో అనొరెక్సియా ఒకటి. గుండె ఆగి కొందరు చనిపోతారు. చనిపోయినవాళ్లలో ఐదుగురికి ఒకరు తమ ప్రాణం తామే తీసుకున్నవాళ్లు. 2025 మార్చిలో కేరళలో 18 ఏళ్ల కాలేజీ పిల్ల ఈ జబ్బుతోనే కన్నుమూసింది. ఇది ఎక్కడో యూరప్ సంగతి అనుకునేవాళ్ల కోసం ఈ మాట చెబుతున్నాం.

"మొండితనం అండీ, రెండు దెబ్బలేస్తే తింటుంది" అనే పెద్దలు మాకు చాలామంది తెలుసు. వాళ్లకొక సంగతి చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. యుద్ధానికి పోమన్న 36 మంది యువకులు తమంతట తామే అందులో చేరారు. అందరూ మగవాళ్లు, ఆరోగ్యవంతులు. ఆరునెలలపాటు వాళ్లకి సగం తిండే పెట్టారు. ఏమైంది? మనుషులు చిక్కిపోయారు, అది ఎలాగూ అవుతుంది. వాళ్ల మనసులు కూడా మారిపోయాయి. ఎప్పుడూ తిండి ఆలోచనే. వంటల పుస్తకాలు ముందేసుకుని చదివారు. పళ్లెంలో ముద్దను గంటలకొద్దీ కెలుకుతూ కూర్చున్నారు. చిరాకు పడ్డారు, దిగులు పడ్డారు, స్నేహితులకి దూరమయ్యారు. ఏ జబ్బూ లేని మగవాళ్ల మనసునే పస్తు ఇలా వంచేసింది. అలాంటప్పుడు పదహారేళ్ల పిల్లను మొండిది అనడం ఏం న్యాయం? జబ్బు ఆమెను పస్తు పెడుతుంది. ఆ పస్తు జబ్బును ఇంకా బిగిస్తుంది. ఆ సుడిలోంచి ఒంటరిగా బయటపడటం ఆమె వల్ల అయ్యే పని కాదు.

"ఇది డబ్బున్నోళ్ల జబ్బు కదండీ, మనకెందుకు?" అని మా కామ్రేడ్ మిత్రులు అడుగుతారు. వాళ్ల అనుమానం ఎక్కడినుంచి వచ్చిందో మాకు తెలుసు. చల్లపల్లి తిండిగింజ కోసం కొట్లాడిన నేల. జమీందారీ భూముల కోసం కమ్యూనిస్టుల వెంట ఇక్కడి రైతు కూలీలు పోరాడారు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచేసింది. పట్టెడన్నం కోసం సహాయ శిబిరాల దగ్గర చేతులు చాచి నిలబడ్డ తరం ఇంకా మా మధ్యే ఉంది. ఆ తరానికి అన్నం ముందు కూర్చుని తినని పిల్ల అర్థం కాదు. "తిన్నది అరక్క" అంటారు. "ఒళ్లు కొవ్వెక్కి" అంటారు.

అర్థం చేసుకోవాలి మరి. పేదరికం, ఈ జబ్బు ఒకదాని చోట ఒకటి ఉండవనే లెక్క తప్పు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత. నూటికి 36 మందికి ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువు. నూటికి దాదాపు 15 మందికి ఉండాల్సినంత బరువు లేదు. అంటే ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో, లావుకి సిగ్గుపడే తల్లీ, సన్నమని మాట పడే కూతురూ ఉన్నారు. ఇద్దరిలోనూ రక్తం లేదు. ఇద్దరూ అందరికీ పెట్టాక ఆఖర్న తినేవాళ్లే. ఆఖర్న తినే మనిషి తిన్నదో లేదో ఇంట్లో చూసేవాళ్లెవరు? ఈ జబ్బు దాక్కోవడానికి అంతకన్నా మంచి చోటేముంది?

ఫిజీ దీవుల సంగతి చూడండి. అక్కడ నిండుగా ఉన్న ఒళ్లంటేనే గౌరవం. ఒకరు చిక్కిపోతే చుట్టాలు కంగారుపడేవాళ్లు. అక్కడొక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. ఆన్ బెకర్ అనే అమెరికా పరిశోధకురాలు బడిపిల్లలను టీవీ వచ్చిన కొత్తలో ఒకసారి, 1998లో ఇంకోసారి అడిగి చూసింది. బరువు తగ్గడానికి వాంతి చేసుకుంటున్నామన్న ఆడపిల్లలు మొదట ఒక్కరూ లేరు. మూడేళ్లు తిరిగేసరికి నూటికి 11 మంది. వాళ్లేమీ కోటీశ్వరుల బిడ్డలు కాదు. టీవీ మూడేళ్లలో ఆ పని చేస్తే, చల్లపల్లిలో ప్రతి పిల్ల చేతికీ వచ్చిన ఫోను ఇంకేం చేయగలదో కామ్రేడ్లు ఆలోచించాలి.

ఇంకో చిక్కుంది. ఈ జబ్బు మా దగ్గర పుస్తకంలో రాసినట్టు మాట్లాడదు. ఢిల్లీ వైద్యులు 1995లో ఐదుగురు యువతుల గురించి ఒక వ్యాసం రాశారు. తిండి మానేశారు, వాంతులు, బాగా చిక్కిపోయారు, నెలసరి ఆగిపోయింది. కానీ లావైపోతామన్న భయం వాళ్ల మాటల్లో లేదు. హాంకాంగ్‌లో సింగ్ లీ అనే వైద్యుడు కూడా ఇలాంటి రోగులను చూసి రాశాడు. మా వీధుల్లో పిల్లా అంతే. "నేను లావున్నా" అనదు. "కడుపు ఉబ్బరంగా ఉంది అమ్మీ" అంటుంది. "అరగట్లేదు" అంటుంది. "గ్యాసు" అంటుంది. తల్లి గ్యాసు గోళీ తెస్తుంది. హకీమ్ దగ్గర చూరణం తెస్తుంది. ఆరెంపీ సెలైన్ ఎక్కిస్తాడు. కడుపు జబ్బేదైనా ఉందేమో చూడాల్సిందే, కాదనం. కడుపులో ఏమీ లేదని తేలాక కూడా ఆ పిల్ల మనసు గురించి ఎవరూ అడగకపోవడమే మా గోడు.

ఇక బురఖా సంగతి. ఇక్కడ మాకు రెండు వైపులనుంచీ పాఠాలు చెప్పేవాళ్లున్నారు. ఆడపిల్లను బట్టలో మూటగడితే తన ఒంటిమీద తనకే అసహ్యం పుడుతుందని సెక్యులర్ మిత్రుల్లో కొందరంటారు. పర్దాలో ఉన్న పిల్లకు సోకుల గొడవ ఉండదు, ఈ జబ్బులన్నీ పర్దా లేనివాళ్లకేనని మా పెద్దల్లో కొందరంటారు. ఇద్దరూ ఆ పిల్లను అడగరు. జీన్సు వేసుకున్న పిల్లకీ ఈ జబ్బు వస్తుంది, బురఖా వేసుకున్న పిల్లకీ వస్తుంది. బురఖా జబ్బును తేలేదు, ఆపనూలేదు. ఒక్క పని మాత్రం చేస్తుంది. పిల్ల చిక్కిపోతుంటే పక్కింటి ఖాలాకి, దారిన పోయే చుట్టానికి కనబడకుండా చేస్తుంది. కనుక పర్దా ఉన్న ఇంట్లో అమ్మీ కళ్లు ఇంకాస్త తెరిచి చూడాలి.

పర్దా లోపలి ఒంటికి కొలతలు లేవని ఎవరన్నారు? సంబంధం చూడటానికి వచ్చిన ఆడవాళ్లు చాప మీద కూర్చుని మొదట అడిగేదేమిటి? "లడ్కీ గోరీ హై క్యా?" పిల్ల తెల్లగా ఉందా? ఆ తర్వాత ఒళ్లు. సన్నగా ఉంటే 'దుబ్లీ', పిల్లల్ని కనలేదేమో అంటారు. కాస్త నిండుగా ఉంటే 'మోటీ', పెళ్లయ్యాక ఇంకెంత అవుతుందో అంటారు. చాయ్ తాగి, సమోసా తిని, ఈ తీర్పు చెప్పి లేచిపోతారు. ఆ రాత్రి ఆ పిల్ల ముద్ద ఎలా మింగుతుంది?

పెళ్లి కుదిరాక ఒళ్లు చేయాలని ఆరెంపీ దగ్గర గోళీలు తెచ్చే తల్లులున్నారు. వాటిలో కొన్ని స్టెరాయిడ్లు. ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, చూసేవాళ్లు ఆరోగ్యం అనుకుంటారు. లోపల ఎముకలు గుల్లవుతాయి, షుగరు, బీపీ తగులుకుంటాయి. తెల్లబడటానికి క్రీములు సరేసరి. 1975లో అమ్మకానికి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో తన పేరులోంచి 'ఫెయిర్' తీసేసుకుంది. వ్యాపారస్తుడికి కలిగినంత మొహమాటమైనా సంబంధాలు చూసే మా ఆడవాళ్లకి కలగలేదు. వాళ్ల నోట 'గోరీ' అలాగే ఉంది.

బయటి గాలి తక్కువేం కాదు. 'నువ్వు నాకు నచ్చావ్'తో తెలుగువాళ్లందరికీ దగ్గరైన ఆర్తి అగర్వాల్ 2015 జూన్‌లో అమెరికాలో చనిపోయింది. 31 ఏళ్లు. అంతకు కొన్ని వారాల ముందే ఒంట్లో కొవ్వు తీయించుకునే ఆపరేషన్‌కి వెళ్లింది. అదే ఏడాది నవంబరులో 'సైజ్ జీరో' సినిమా వచ్చింది. లావుగా ఉన్న పిల్లను మనిషిగా చూడండని, బరువు తగ్గిస్తామనే మోసాలను నమ్మొద్దని చెప్పబోయిన సినిమా అది. జనం మాట్లాడుకున్నది మాత్రం ఆ పాత్ర కోసం అనుష్క ఎన్ని కిలోలు పెరిగింది, మళ్లీ ఎప్పుడు తగ్గుతుంది అనే.

2017, 2018ల్లో విజయవాడకు చెందిన వీరమాచనేని రామకృష్ణ చెప్పిన ఆహార పద్ధతి డెల్టా అంతా పాకింది. సభలకు జనం వరదలా వచ్చారు. అన్నం మానేసి కొబ్బరినూనె, నిమ్మరసం మీదికి మళ్లిన ఇళ్లు ఎన్నో. షుగరు తగ్గిందన్నవాళ్లున్నారు, ప్రమాదమని హెచ్చరించిన డాక్టర్లున్నారు. ఆ పంచాయితీ మేం తీర్చబోవడం లేదు. మేం చూసేది ఒకటే. ఎన్ని కిలోలు తగ్గావన్నది ఇంటింటా పలకరింపుగా మారినప్పుడు, అన్నం మానేసిన పిల్లకు మెచ్చుకోలే దక్కుతుంది. ఎందుకు మానేశావని అడిగేవాళ్లు ఉండరు. పెద్దవాళ్లకి అదొక పథ్యం. ఈ జబ్బు పొంచి ఉన్న పిల్లకి అది మొదటి మెట్టు.

మగపిల్లలకు లేదనుకోవద్దు. మా తాలింఖానాల్లో ఒకప్పుడు కుర్రాళ్లు దండేలు తీసేవాళ్లు, కర్రసాము నేర్చుకునేవాళ్లు. పీర్ల పండక్కి బలం చూపించేవాళ్లు. బలం కోసం తినేవాళ్లు. ఇప్పుడు జిమ్ముల్లో అద్దం ముందు నిలబడి పొట్ట మీద పలకలు లెక్కపెట్టుకుంటున్నారు. డబ్బాల పొడులు, పేరు తెలియని సూదిమందులు. నరాలు తేలిన చేతిని చూసి అబ్బా మురిసిపోతున్నాడు. వాడు రాత్రిపూట ఇంట్లో కూర ముట్టడం మానేసి ఎన్నాళ్లయిందో అబ్బాకి తెలియదు.

ఇప్పుడు అసలు మాటకొస్తాం. ఈ మాట అన్నందుకు మామీద కోపం వచ్చినా సరే.

రంజాన్ నెలలో రోజా పట్టడం మా ఇళ్లలో పిల్లలకి పండగ. మొదటి రోజా పట్టిన పిల్లకి కొత్తబట్టలు, పూలదండ. తెల్లవారుజామున సహరీకి లేవడం, సాయంత్రం ఖర్జూరంతో ఇఫ్తార్ చేయడం, దస్తర్‌ఖాన్ చుట్టూ అందరూ కూర్చోవడం - ఇవన్నీ మా ఇంటి బలం. కోట్లమంది ఆరోగ్యంగా రోజా పడుతున్నారు. రోజా ఈ జబ్బును పుట్టిస్తుందని మేం అనడం లేదు. ఇప్పటికే జబ్బు పట్టిన పిల్లకి మాత్రం రంజాన్ ఒక దుప్పటి. మిగతా పదకొండు నెలలు "ఎందుకు తినలేదు?" అని అడిగే ఇల్లు ఈ నెల అడగదు. సహరీలో నీళ్లు తాగి పడుకుంటుంది. ఇఫ్తార్‌లో ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని నమాజుకని లేచిపోతుంది. ఈద్ అయ్యాక ఆరు రోజాలు. తర్వాత సోమవారం, గురువారం రోజాలు. చుట్టాలంతా "మాషా అల్లా, ఎంత భక్తి" అంటారు. "ముప్పై రోజాలూ పట్టింది మా పిల్ల" అని తల్లి గర్వంగా చెప్పుకుంటుంది.

ముప్పై రోజాలూనా?

ఈ లెక్క ప్రతి ముస్లిం ఆడమనిషికీ తెలుసు. నెలసరి రోజుల్లో ఆడవాళ్లు రోజా పట్టకూడదు. ఆ రోజాలు తర్వాత కజా పడతారు. ఆ రోజుల్లో ఇంట్లో మగవాళ్లకి తెలియకుండా వంటింట్లో మూలన కూర్చుని నాలుగు ముద్దలు తినే ఆడవాళ్లు మా ఇళ్లలో ఉన్నారు. కనుక ఈ లెక్క అబ్బాకి, అన్నకి, మౌలానాకి తెలియదు. తెలిసేది తల్లికే. ఈడొచ్చిన పిల్ల నెలంతా ఒక్క రోజా విడవకుండా పట్టిందంటే గర్వపడే ముందు ఒక ప్రశ్న అడగాలి. "నీకు నెలసరి ఎప్పుడొచ్చింది బేటీ?" తిండి చాలని ఒళ్లు మొదట ఆపుకునే పనుల్లో అదొకటి. మాత్రలు వాడి వాయిదా వేసుకుని ఉండవచ్చు, వేరే కారణమూ ఉండవచ్చు. అడిగితేనే కదా తెలిసేది! ఆ పిల్ల ఒళ్లు ఆపదలో ఉన్నానని చెబుతుంటే మేం దానికి పూలదండ వేస్తున్నాం.

మతం పేరుతో మా నోరు మూయించేవాళ్లకు మతంలోంచే జవాబు ఉంది. రోజాకి నీయత్ ముఖ్యం. సంకల్పం లేని పస్తు రోజా కాదని మా పిల్లలకి అలీఫ్ బే నేర్పినప్పుడే నేర్పుతాం. ఈ పిల్ల పస్తు వెనకున్న సంకల్పం ఎవరిది? జబ్బుది. ఖురాన్ రెండో సూరాలో రోజా ఆజ్ఞ ఎక్కడుందో రోగికి, ప్రయాణికుడికి మినహాయింపు కూడా అక్కడే ఉంది. తర్వాత పట్టుకోవచ్చు. పట్టలేనివాళ్లు ఒక పేదకి అన్నం పెట్టవచ్చు. షుగరున్న దాదాకి ఈ మినహాయింపు మేం ఒప్పుకుంటాం. కిడ్నీ జబ్బున్న మామూకి ఒప్పుకుంటాం. మనసు జబ్బున్న పిల్లకి ఎందుకు ఒప్పుకోం? ఒళ్లు అల్లా ఇచ్చిన అమానత్ అని జుమ్మా బయానుల్లో వింటూనే ఉన్నాం. ఆ అమానత్ కళ్లముందే కరిగిపోతుంటే కాపాడే బాధ్యత ఎవరిది?

ఇంకా ముదిరితే జిన్ను పట్టిందంటారు. తావీజు కడతారు, దర్గాకి తీసుకుపోతారు. దర్గాకి పోవద్దని మేం అనం. దిక్కుతోచని తల్లికి అక్కడ నాలుగు కన్నీళ్లు కార్చుకునే చోటు దొరుకుతుంది, హిందూ ముస్లిం తేడా లేకుండా దొరుకుతుంది. కానీ ఎర్వాడి మరిచిపోకూడదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులో ఎర్వాడి దర్గా దగ్గరున్న ఒక ప్రైవేటు ఆశ్రమంలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు పారిపోలేక 28 మంది చనిపోయారు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. దువా చేయించండి. దవా కూడా చేయించండి. రెండోది మానేసి మొదటిదానికే వదిలేయడం పిల్లను వదిలేయడమే.

ఏం చేయాలి? అడిగేవాళ్లకి చెబుతున్నాం. పిల్ల అందరితో కలిసి తినడం మానేసినా, ఎప్పుడూ చలి అంటున్నా, జుట్టు రాలిపోతున్నా, కళ్లు తిరిగి పడిపోతున్నా, నెలసరి ఆగినా డాక్టరుకి చూపించండి. రక్తపరీక్ష, గుండె పరీక్ష చేయించండి. మానసిక వైద్యుడిని కూడా కలవండి. విజయవాడలో పెద్ద ప్రభుత్వాసుపత్రి ఉంది. మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడే ప్రభుత్వ సహాయ కేంద్రం టెలీ మానస్ 2022 అక్టోబరు నుంచి ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. ఒక జాగ్రత్త. చాలాకాలం పస్తున్న పిల్లకి ప్రేమకొద్దీ ఒకేసారి పలావు కుక్కి తినిపించకండి. ఎండిన ఒంటికి ఒక్కసారిగా తిండి పడితే రక్తంలో లవణాలు తారుమారై గుండె ఆగే ప్రమాదం ఉంది. డాక్టరు చెప్పినట్టు మెల్లగా పెంచాలి. అమ్మీ అబ్బాలను దోషుల్లా నిలబెట్టనక్కర్లేదు. లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రిలో 1980ల్లో రూపుకట్టిన వైద్యంలో తల్లిదండ్రులే పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని తినిపిస్తారు. దస్తర్‌ఖాన్ చుట్టూ అందరూ కలిసి కూర్చోవడం మాకు కొత్త కాదు. ఆ దస్తర్‌ఖాన్ దగ్గర పిల్ల ఒంటి గురించి వెక్కిరింత ఉండకూడదు, అంతే.

మసీదు కమిటీలను అడుగుతున్నాం. రంజాన్‌కి ముందు ఒక జుమ్మాలో అయినా రోగుల మినహాయింపు గురించి చెప్పేటప్పుడు మనసు జబ్బు పేరు కూడా చెప్పండి. ఆడపిల్లల మదర్సాల్లో ఒక డాక్టరమ్మ చేత మాట్లాడించండి. బడుల్లో రక్తహీనతకి గోళీలిచ్చే ప్రభుత్వాన్ని అడుగుతున్నాం. గోళీతోపాటు "అన్నం ఎలా తింటున్నావమ్మా?" అనే ప్రశ్న కూడా వేయించండి. సెక్యులర్ మిత్రులను అడుగుతున్నాం. మా పిల్ల జబ్బును చూపించి మా మతం మీద తీర్పు రాయకండి. మీ ఇళ్లలో శనివారాలు, కార్తీక సోమవారాలు పస్తుండే పిల్లలున్నారు, వాళ్ల పళ్లెం వైపు కూడా ఒకసారి చూడండి.

మళ్లీ రంజాన్ వస్తుంది. ఏదో ఒక ఇంట్లో ఒక పిల్ల సహరీకి లేస్తుంది, నీళ్లు తాగుతుంది. "ఈ ఏడాది నీకు రోజా వద్దు బేటీ, నీ బదులు ఒక పేదకి అన్నం పెడదాం, నువ్వు తిను" అని చెప్పే మనిషి ఆ ఇంట్లో ఒక్కరైనా ఉండాలి. ఆ మాట చెప్పడానికి కావల్సిన ధైర్యం ఏ ప్రభుత్వమూ ఇవ్వదు. ఏ సెక్యులర్ మిత్రుడూ తెచ్చిపెట్టడు. అది మా ఇళ్లలోంచే రావాలి.